సైజు ఒకటే, మోత వేరు: ఒక మామిడి పికప్ బండి టైర్ల కేస్ స్టడీ

2023 మే నెల, రెండో వారం. మధ్యాహ్నం రెండున్నరకి ఫోన్ వచ్చింది.

"అబ్బాయ్, బండికి ఎడమపక్క వెనక టైరు పోయింది. పేలడం కాదు, మేకకి తోలు ఒలిచినట్టు పైన రబ్బరంతా ఊడొచ్చేసింది. డ్రైవరుకి ఏం కాలేదులే. కాయ మటుకు సగం రోడ్డు పాలైంది."

ఫోన్ చేసినాయన నూజివీడు దగ్గర ఒక పల్లెలో మామిడి తోటలు కౌలుకి చేస్తారు. నేను బాబాయ్ అని పిలుస్తాను. బండి విజయవాడ దాటి హైదరాబాదు రోడ్డులో, నందిగామ ఇవతల నిలబడిపోయి ఉంది. బాటసింగారం పండ్ల మార్కెట్‌కి చేరాల్సిన బంగినపల్లి కాయ అది.

"ఏ టైరు బాబాయ్ అది?" అన్నాను.

"నువ్వేసిందే కదయ్యా, మొన్న కాదు అటేడు కార్తీకంలో."

హనుమాన్ జంక్షన్‌లో మా టైర్ల షాపు పెట్టి పదిహేడేళ్లయింది. అమ్మిన టైరు ఇలా ఊడిపోవడం ఎప్పుడో తప్ప చూడలేదు. ఎండ అనుకోవచ్చు, రోడ్డు అనుకోవచ్చు, కంపెనీ మీదికి తోసెయ్యొచ్చు. కానీ కారణం వెతుక్కుంటూ పోతే ఆ దారి చివరికి మా కౌంటరు దగ్గరికే వచ్చింది. అందుకే ఈ కేసు మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను. టైర్లు అమ్మేవాళ్లకీ, కొనేవాళ్లకీ పనికొస్తుంది.

టైరు ముక్కల్లో కనిపించింది

మర్నాడు బండిని షాపుకి తెప్పించి, ఊడిన టైరుని రిమ్ము నుంచి విప్పి నేల మీద పడేశాను. రోడ్డు మీద దొరికిన రబ్బరు పట్టీని కూడా డ్రైవరు ఎత్తుకొచ్చాడు. మంచి పని చేశాడు. చాలామంది దాన్ని అక్కడే వదిలేసి వస్తారు, దాంతో సాక్ష్యం పోతుంది.

మొదట ఊడిన టైరు లోపల చెయ్యి పెట్టాను. అరచేతికి నల్లటి పొడి అంటుకుంది, కాటుకలాగా మెత్తగా. మంచి టైరు లోపలి పొర నున్నగా ఉంటుంది, చెయ్యి తీస్తే మరక ఉండదు. పొడి వచ్చిందంటే లోపల రబ్బరు రబ్బరుతో రాసుకుందన్నమాట. సైడ్ వాల్ (టైరు పక్క గోడ) మీద లోపలి వైపు చుట్టూతా ఒక గీత ఉంది, మడత పెట్టిన చీర మీద మడత కనపడ్డట్టు. టైరు తిరిగిన ప్రతిసారీ అక్కడే వంగి, అక్కడే లేచింది. ఒక ఇనుప తీగని అటూ ఇటూ వంచుతూ ఉంటే అది చేతిలోనే కాలిపోతుంది కదా. టైరుకీ అంతే. వంగే కొద్దీ వేడి పుడుతుంది. ఆ వేడికి ట్రెడ్ (రోడ్డుని తాకే రబ్బరు) కింద ఉండే ఉక్కు తీగల పొరకీ, రబ్బరుకీ మధ్య అతుకు వదిలేస్తుంది. ఊడిన పట్టీ అంచున తీగలు తళతళమని మెరుస్తున్నాయి. మేకు దిగో, కోసుకుపోయో నీళ్లు చేరి ఉంటే అవి తుప్పు పట్టి ఉండేవి. తుప్పు లేదు, పంచరు గుర్తు లేదు. ఇది పూర్తిగా వేడి చేసిన పని.

మిగతా మూడు టైర్లు కూడా చూశాను. కుడివైపు వెనక టైరు రెండు భుజాలూ (ట్రెడ్ అంచులు) అరిగిపోయి, నడుమ ట్రెడ్ ఇంకా మిగిలి ఉంది. గాలి తక్కువున్నా, మోత ఎక్కువైనా టైరు ఇలాగే అరుగుతుంది. రెండింటికీ ఒకటే గుర్తు. ముందు ఎడమది లోపలి అంచున అరిగింది. దాని మీద అరచేతిని అడ్డంగా జరిపితే ఒకవైపు నున్నగా జారింది, వెనక్కి లాగితే రంపపు పళ్లలా గీరుకుంది. అది అలైన్‌మెంట్ దోషం. దాన్ని మెషీన్ మీద ఇరవై నిమిషాల్లో సరిచేశాం, ఇక దాని ఊసు అక్కర్లేదు.

తర్వాత టైరు పక్కన ముద్రించిన అక్షరాలు చదివాను. 215/75 ఆర్15, 100 ఎస్.

సైజు సరైనదే. 215 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 75 అంటే ఆ వెడల్పులో నూటికి డెబ్భై ఐదు వంతులు సైడ్ వాల్ ఎత్తు. ఆర్ అంటే రేడియల్. 15 అంటే రిమ్ము అంగుళాలు. జనం చదివేది ఇంతవరకే. అసలు సంగతి ఆ పక్కనున్న 100లో ఉంది. దాన్ని లోడ్ ఇండెక్స్ అంటారు. అది కిలోల లెక్క కాదు, ఒక పట్టికలో వరస సంఖ్య. ఆ పట్టికలో 100 అంటే టైరు ఒక్కటి 800 కిలోలు మోస్తుంది. 88 అంటే 560. 106 అంటే 950. ఎస్ అన్నది వేగం గుర్తు, గంటకి 180 కిలోమీటర్లు.

బండి పుస్తకం తీసి చూస్తే అదే సైజు రాసుంది. కానీ దాని వెనక ఎల్‌టి అనీ, 8 పీఆర్ అనీ ఉంది. ఎల్‌టి అంటే లైట్ ట్రక్కు టైరు. పీఆర్ అంటే ప్లై రేటింగ్. పాత రోజుల్లో టైరులో నూలు గుడ్డ పొరలు ఎన్నుంటే అంత బలమని లెక్క. ఇప్పుడు పొరలు అన్ని ఉండవు, బలం మాత్రం అన్ని పొరలకి సమానమని అర్థం. ఆ సైజులో 8 పీఆర్ ఎల్‌టి టైరు మీద 106/103 అని ఉంటుంది. మొదటి అంకె ఒంటి చక్రానికి, రెండోది లారీలకున్నట్టు జంట చక్రాలకి. మన బండివి ఒంటి చక్రాలే కాబట్టి 106, అంటే 950 కిలోలు.

మరి 100 ఎస్ టైరు ఈ బండికి ఎలా వచ్చింది? పాత బిల్లు బుక్కు తిరగేశాను. 2021 నవంబరులో ఎల్‌టి టైరు స్టాకు లేదు. మా కుర్రాడు సైజు చూశాడు, జీపుల్లాంటి ప్యాసింజరు బండ్లకి వేసే హైవే టైరు సరిగ్గా అదే సైజులో ఉంది. మంచి కంపెనీదే. బాబాయ్‌కి కూడా ఆ రోజు తొందర. నేను కౌంటరులోనే ఉన్నాను. సైజు అడిగాను, బిల్లు రాశాను. బండి ఎంత మోస్తుందని అడగలేదు.

కాటా మీద

ఇలాంటి కేసుల్లో నోటిమాట లెక్కలు పనికిరావు. బండి యజమాని ఒకటి చెబుతాడు, డ్రైవరు ఇంకోటి చెబుతాడు, ఆర్‌సీలో మూడోది ఉంటుంది. అందుకని మరుసటి లోడుకి వేరే టైర్లు తాత్కాలికంగా వేసి, కాయ ఎత్తాక బండిని వేబ్రిడ్జి మీదికి తెమ్మన్నాను. ఒక్క చిట్టీ కాదు, మూడు తీయించాను. బండి మొత్తం ఒకసారి, ముందు చక్రాలు మాత్రం కాటా మీద ఉన్నప్పుడు ఒకసారి, వెనక చక్రాలు మాత్రం ఉన్నప్పుడు ఒకసారి. మొత్తం బరువు తెలిస్తే పోలీసుకి పనికొస్తుంది. టైరు మనిషికి కావాల్సింది ఇరుసు ఇరుసుకీ బరువు.

ట్రేలు 72. ఒక్కో ట్రే కాయతో కలిపి 24 కిలోలు. మొత్తం బండి 3,348 కిలోలు తూగింది. ముందు ఇరుసు మీద 1,008, వెనక ఇరుసు మీద 2,340. ఆర్‌సీ ప్రకారం మొత్తం బరువు 2,850 దాటకూడదు.

వెనక 2,340ని రెండు చక్రాలకి పంచితే ఒక్కో దాని మీద 1,170. ఆ టైరు మోయగలిగింది 800. అంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. పైగా ప్యాసింజరు టైరుని ట్రక్కు తరహా బండికి వేస్తే దాని మోతని 1.1తో భాగించి లెక్కపెట్టుకోవాలని అమెరికాలో నియమం ఉంది. ఎందుకంటే అలాంటి బండి ఊగుడు వేరు, వాడకం వేరు. ఆ లెక్కన 727 కిలోలే.

చిట్టీ చూపించి చెబితే బాబాయ్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిన ప్రశ్న న్యాయమైనది. "సరే, ఆ ఎల్‌టి టైరే వేసుంటే ఏమీ అయ్యేది కాదంటావా?"

ఏమీ అయ్యేది కాదని చెప్పలేకపోయాను. 950 మోసే టైరు మీద 1,170 పెట్టినా తప్పే. ఇంకాస్త ఎక్కువ రోజులు వచ్చుండేది, అంతే. టైరు మార్చడం సగం పని, ట్రేలు దించడం మిగతా సగం. అక్కడే కూర్చుని లెక్క వేశాం. 22 ట్రేలు తగ్గించి 50 ఎత్తితే, బరువున్న కాయని క్యాబిన్ వైపు జరిపి సర్దితే, వెనక ఇరుసు ఎంతుంటుందో మళ్లీ కాటా వేయించాం. మొత్తం 2,820. వెనక 1,870. ఒక్కో టైరు మీద 935. అంచున ఉంది, కానీ గీత లోపలే ఉంది.

"ఇరవై రెండు ట్రేల కిరాయి ఎవరిస్తారయ్యా?" అన్నారు బాబాయ్. ఈ ప్రశ్నకి టైరు షాపువాడి దగ్గర జవాబు ఉండదు. కానీ ఆ రోజు రోడ్డు పాలైన కాయ ఖరీదు, మార్కెట్ అందక పోయిన రేటు, క్రేను ఖర్చు ఆయనే కాగితం మీద వేసుకున్నారు. నేను పక్కన కూర్చున్నాను.

ఎండాకాలం గాలి

బరువు ఒక్కటే అయితే ఈ టైరు ఇంకొన్నాళ్లు లాగేదేమో. డ్రైవరుని విడిగా కూర్చోబెట్టి అడిగితే ఇంకోటి తేలింది.

"గాలి ఎంత పెడతావు తమ్ముడూ?"

"మామూలుగా ముప్పై అయిదు పాయింట్లు అన్నా. ఎండాకాలం ముప్పైకి దించుతాను. ఎండలో గాలి పొంగుద్ది కదా, పేలిపోద్దని."

ఈ మాట నేను వారానికి పదిసార్లు వింటాను. కారువాళ్లూ అంటారు, లారీ డ్రైవర్లూ అంటారు. చదువుకున్నవాళ్లూ అంటారు. మాట నిండా నమ్మకం ఉంటుంది కాబట్టి కాదని చెప్పడానికి ఓపిక కావాలి. గాలి పొంగడం నిజమే. కానీ ఆ పొంగుని తట్టుకునేటట్టే టైరు తయారవుతుంది. టైరుని చంపేది గాలి ఎక్కువై కాదు, తక్కువై. గాలి తగ్గితే సైడ్ వాల్ ఎక్కువ వంగుతుంది, వంగితే వేడి, వేడికి అతుకు వదలడం. రెంటచింతల ఎండలు పేపర్లో చదువుతూనే ఉంటాం. మే నెలలో గాలే 45 డిగ్రీలుంటే నల్లటి తారు రోడ్డు దానికన్నా ఎంతో ఎక్కువ కాలుతుంది. అలాంటి రోజున కావాల్సిన దానికన్నా గాలి తగ్గించి, ఒకటిన్నర రెట్లు బరువు పెట్టి, 80 వేగంతో నడిపితే ఆ టైరు అంతదూరం వచ్చిందే గొప్ప.

డ్రైవరుకి ఎలా చెప్పానంటే: పొద్దున్నే 30 డిగ్రీల చల్లదనంలో ఎల్‌టి టైరుకి 60 పాయింట్లు కొట్టించావనుకో. దారిలో టైరు లోపలి గాలి 72 డిగ్రీలకి చేరిందనుకో. గేజీ 70 చూపిస్తుంది. అది మామూలే, భయపడక్కర్లేదు. నువ్వు కంగారుపడి అక్కడే పది తీసేశావనుకో, రాత్రి బండి చల్లారాక అదే టైరులో 51 మిగులుతుంది. మర్నాడు పొద్దున లోడెత్తి బయలుదేరేది ఆ 51తో. అందుకని గాలి ఎప్పుడు చూసినా టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. బండి ఆపి కనీసం మూడు గంటలైనా ఉండాలి, లేదా ఇంటి నుంచి ఒకటి రెండు కిలోమీటర్లకు మించి నడవకూడదు. వేడి మీద గాలి తీయడమన్న మాటే లేదు.

నైట్రోజన్ పెట్టించమంటారా అని కూడా అడిగాడు. మామూలు గాలిలోనే నూటికి 78 వంతులు నైట్రోజన్ ఉంటుంది. డబ్బులు పెట్టాలనిపిస్తే పెట్టించుకోవచ్చు, నష్టం లేదు. కానీ ఆ డబ్బుతో సొంత గేజీ ఒకటి కొనుక్కోమన్నాను. బంకుల్లో గేజీలు ఒక్కోటి ఒక్కో మాట చెబుతాయి.

ఏ టైరు వేశాం, ఎందుకు

నాలుగూ మార్చాం. 215/75 ఆర్15 ఎల్‌టి, 8 పీఆర్, 106/103 క్యూ.

క్యూ అనగానే బాబాయ్ వాళ్ల అబ్బాయి అడ్డుపడ్డాడు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తాడు, ఫోన్‌లో అన్నీ చూసి వచ్చాడు. "అన్నా, క్యూ అంటే 160 కదా. పాతది ఎస్, 180. తక్కువ రకం ఎందుకు వేస్తున్నావ్?" మంచి ప్రశ్నే. కానీ ఈ బండి ఏ రోజూ 80 దాటదు, దాటకూడదు. వేగం అక్షరం పెద్దదైతే టైరు గొప్పదని కాదు. అది ఏ పనికి పుట్టిందో చెబుతుంది. ఎద్దునీ, గుర్రాన్నీ పరుగుపందెంలో పెట్టి ఎద్దు తక్కువరకం అనలేం కదా.

ట్రెడ్ గురించి ఇంకో పట్టుదల డ్రైవరుది. వెనక చక్రాలకి లగ్ టైర్లు కావాలన్నాడు, గట్టి దిమ్మల్లాంటి ట్రెడ్ ఉండేవి. తోటలోంచి బయటికొచ్చేటప్పుడు అకాల వానలు పడితే ఎర్రమట్టిలో బండి కూరుకుపోతుందని. ఆయన బాధ నిజమైనదే. కానీ నెలకి బండి ఎన్ని కిలోమీటర్లు తారు మీద, ఎన్ని మట్టిలో అని లెక్క అడిగితే మట్టిదారి నూటికి అయిదు వంతులు కూడా లేదు. లగ్ టైరుకి రబ్బరు మందం ఎక్కువ. మందమున్న చోట వేడి తొందరగా బయటికి పోదు. హైవే మీద చప్పుడు కూడా ఎక్కువ, డీజిలూ ఎక్కువ తాగుతుంది. వేడితోనే దెబ్బతిన్న బండికి మళ్లీ వేడెక్కే టైరు వేయడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకని నాలుగింటికీ నిలువు గాడులుండే రిబ్ టైర్లే వేశాం. అంచుల్లో చిన్న చిన్న నొక్కులు ఉంటాయి, తడి మట్టిలో ఆ కాస్త పట్టు ఇస్తాయి. తోటలో దిగబడితే ఇంట్లో ట్రాక్టరు ఎటూ ఉంది.

అందరూ మర్చిపోయే చిన్న వస్తువు వాల్వు. ట్యూబ్‌లెస్ రిమ్ముకి మామూలుగా బిగించే రబ్బరు వాల్వు 65 పాయింట్ల దాకానే. ఎల్‌టి టైరుకి వెనక 60 పైన గాలి పెడతాం, నడిచేటప్పుడు అది ఇంకా పెరుగుతుంది. అందుకని నాలుగింటికీ నట్టుతో బిగించే లోహపు వాల్వులు వేశాం. ఖరీదైన టైరు వేసి, చవక వాల్వు వదిలేసి, అది చీలి గాలి పోయి బండి రోడ్డు పక్కన నిలబడ్డ కేసులు నేను చూశాను.

ఇక డబ్బు సంగతి. టైర్లు నా షాపు తప్పుతో వెళ్లాయి కాబట్టి పాత వాటికి మిగిలి ఉండాల్సిన జీవితం ఎంతో లెక్కగట్టి, ఆ మేర కొత్త బిల్లులో తగ్గించాను. బాబాయ్ అడగలేదు. అడగనవసరం లేదు కూడా.

అదే ఇంట్లో కారు

పికప్ పని అయ్యాక బాబాయ్ అన్నారు, "ఎలాగూ వచ్చాం, కారుకీ ట్రాక్టరుకీ కూడా ఇదే కంపెనీ వేసెయ్, కలిపి రేటు తగ్గించు." ఈ మాట కూడా తరచూ వింటాను. కంపెనీ ఒకటే అయినంత మాత్రాన టైరు ఒకటి కాదు. ఒకే కంపెనీ కారుకి మెత్తటి రబ్బరు పోస్తుంది, ట్రక్కుకి గట్టిది పోస్తుంది. పని వేరు.

కారు ఎర్టిగా. కంపెనీ ఇచ్చిన సైజు 185/65 ఆర్15, లోడ్ ఇండెక్స్ 88. ట్రెడ్ ఇంకా నాలుగు మిల్లీమీటర్లు ఉంది, చూడటానికి బాగానే ఉంది. సైడ్ వాల్ మీద అండాకారపు గడిలో నాలుగు అంకెలు చదివాను: 3118. అంటే 2018లో 31వ వారంలో తయారైంది. అయిదేళ్లు ఎండలో నిలబడ్డ కారు. సైడ్ వాల్ మీద వేలితో కాస్త వంచి చూస్తే ఎండిన చెరువులో మట్టిలా సన్నని నెర్రెలు. ట్రెడ్ మిగిలున్నా ఆ టైరు వయసు అయిపోయింది. పెద్ద కుటుంబం ఏడుగురు ఎక్కి తిరుపతి వెళ్లే బండి అది.

అబ్బాయికి 16 అంగుళాల అలాయ్‌లు వేయించాలని కోరిక. 205/50 ఆర్16 టైరు చూసుకొచ్చాడు. వెడల్పు ఎక్కువ కాబట్టి బలం ఎక్కువని అతని ఊహ. పక్కన కూర్చోబెట్టి అంకె చదివించాను: 87. అంటే 545 కిలోలు. పాతది 88, 560 కిలోలు. ఎక్కువ డబ్బు పెట్టి, వెడల్పైన టైరు కొని, ఒక్కో చక్రానికి 15 కిలోలు తక్కువ మోసేది తెచ్చుకున్నట్టు. ఇంకోటి, సైడ్ వాల్ ఎత్తు పాత టైరుది 120 మిల్లీమీటర్లు, ఇది 102. నూజివీడు నుంచి వాళ్ల ఊరికి వెళ్లే రోడ్డు గుంతల్లో పడితే ఆ పద్దెనిమిది మిల్లీమీటర్లే కుషను. అది లేకపోతే రిమ్ముకీ గుంత అంచుకీ మధ్య సైడ్ వాల్ నలిగి, లోపలి దారాలు తెగి, కోడిగుడ్డంత ఉబ్బు వస్తుంది. ఉబ్బొచ్చిన టైరుకి రిపేరు లేదు, పారెయ్యడమే. హైదరాబాదు ఫ్లైఓవర్ల మీదే తిరిగే కారైతే నేను ఇంత గట్టిగా చెప్పేవాణ్ని కాదు. ఈ కారు ప్రతి పదిహేను రోజులకీ ఊరికి వస్తుంది.

పాత సైజే ఉంచాం. కానీ రకం ఎంచుకోవడంలో మాత్రం శ్రద్ధ పెట్టాం. ఈ కారు శుక్రవారం రాత్రుళ్లు, వానాకాలంలో కూడా, హైవే మీద వంద దగ్గర నడుస్తుంది. దానికి కావాల్సింది తడిరోడ్డు పట్టు. నలభై వేల కిలోమీటర్లు రావాలా, అరవై వేలు రావాలా అన్నది రెండో ప్రశ్న. టైర్లకి తడి పట్టు, దొర్లే నిరోధం (టైరు దొర్లడానికి అడ్డుపడే బలం), చప్పుడు ఎంతుండాలో మన దేశంలో 2022లో నిబంధనలు కూడా వచ్చాయి.

అబ్బాయి కూడా ఇక్కడ శ్రద్ధగా విన్నాడు. రోడ్డు మీద నీళ్లు నిలిస్తే ఒక వేగం దాటాక టైరు నేలని వదిలేసి నీటి మీద తేలుతుంది. స్టీరింగు ఉన్నట్టుండి తేలికైపోతుంది. నాసావాళ్లు విమానం చక్రాల మీద పరిశోధించి దానికో లెక్క కట్టారు, గాలి ఒత్తిడి వర్గమూలం మీద ఆధారపడింది. ఆ లెక్కలో 33 పాయింట్ల గాలి ఉన్న టైరు సుమారు 95 వేగంలో తేలుతుంది. అదే 25కి పడిపోతే 83 వేగంలోనే. ట్రెడ్ గాడులు లోతుగా ఉంటే నీళ్లు పక్కకి పోతాయి, కాస్త మార్జిన్ వస్తుంది. చట్టం 1.6 మిల్లీమీటర్ల దాకా వాడుకోమంటుంది. నేను మటుకు హైవే మీద తిరిగే కారుకి 3 దగ్గరే మార్చమంటాను, వానలు మొదలవకముందే.

ఈ కారుకి నాలుగూ కొత్తవే వేశాం కాబట్టి సమస్య రాలేదు. రెండే కొనేవాళ్లకి మాత్రం చెబుతుంటాను: కొత్త రెండూ వెనక్కి వేయండి. ఇంజను ముందుంది, లాగేది ముందు చక్రాలు, కాబట్టి కొత్తవి ముందుకే అని అందరూ అంటారు. కానీ తడిలో ముందు చక్రాలు జారితే కారు తిన్నగా పోతుంది, యాక్సిలరేటరు వదిలితే చాలావరకు దారికొస్తుంది. వెనకవి జారితే కారు బొంగరంలా తిరుగుతుంది. దాన్ని మామూలు మనిషి సర్దలేడు.

ట్రాక్టరు

దీని మీద ఎక్కువ రాయను, పని చిన్నది. వెనక 13.6-28, ముందు 6.00-16. వెనక ఎడమ టైరు తలకిందులుగా బిగించి ఉంది. ట్రాక్టరు వెనక నిలబడి చూస్తే లగ్‌ల మొన పైకి చూస్తూ, ఇంటికప్పులా కనపడాలి. వీళ్లది ఒకటి పైకి, ఒకటి కిందికి. దమ్ము చేసేటప్పుడు బురద బయటికి తోసెయ్యకుండా లగ్‌ల మధ్య పట్టేసుకుంటుంది, చక్రం తిరుగుతుంది కానీ బండి కదలదు. ఎప్పుడో పంచరు వేసిన వ్యక్తి తిప్పి బిగించాడు. విప్పి సరిగ్గా వేశాం, కొత్త టైరు అమ్మలేదు.

ఆ ట్రాక్టరు ఎక్కువగా రోడ్డు మీద పామాయిల్ గెలలు మోస్తుంది. పొలంలో గాలి తక్కువుంటే టైరు పరుచుకుని పట్టు ఇస్తుంది, అదే గాలితో ట్రాలీ తగిలించి తారు మీద నడిపితే లగ్‌లు సబ్బు అరిగినట్టు అరుగుతాయి. పొలం నుంచి రోడ్డెక్కే రోజున గాలి పెంచుకోమని చెప్పి, రెండు అంకెలూ మడ్‌గార్డు లోపల పెయింటుతో రాయించాను.

పద్నాలుగు నెలల తర్వాత

పికప్ టైర్లు వేసేటప్పుడు ట్రెడ్ లోతు 10.5 మిల్లీమీటర్లు. 2024 జులైలో సీజను అయ్యాక బండి తెప్పించుకుని మళ్లీ కొలిచాను. 22 వేల కిలోమీటర్లు తిరిగింది. ముందు 6.8, వెనక 6.1. భుజాలకీ నడుముకీ తేడా అర మిల్లీమీటరు లోపే. ఒక టైరు విప్పి లోపల చెయ్యి పెడితే అరచేయి శుభ్రంగానే వచ్చింది. పాత సెట్టు 19 వేలకే భుజాలు గుండు అయిపోయింది.

అన్నీ అనుకున్నట్టే జరిగాయని చెప్పను. హైదరాబాదు ట్రిప్పులకి 50 ట్రేల మాట బాబాయ్ నిలబెట్టుకున్నారు. కానీ ఆగిరిపల్లి మీదుగా నున్న మార్కెట్‌కి వెళ్లే దగ్గరి ట్రిప్పులకి ఇప్పటికీ అరవై ఎత్తుతున్నారని డ్రైవరే చెప్పాడు. దూరం తక్కువ, వేగం తక్కువ, తెల్లవారుజామున చల్లగా ఉండగా పోతారు కాబట్టి టైరు ఓర్చుకుంటోంది. వెనక టైర్లు ముందు వాటికన్నా ఎక్కువ అరగడంలో ఆ పది ట్రేల వాటా కొంత ఉంది. ఆ మాట ఆయనతో అన్నాను. నవ్వి ఊరుకున్నారు.

మా షాపులో మారింది బిల్లు బుక్కు. సైజు గడి పక్కన ఇంకో మూడు గడులు అచ్చు వేయించాను: లోడెక్కాక ఇరుసు బరువు, ఎక్కువగా తిరిగే రోడ్డు, బండి పుస్తకంలో ఉన్న లోడ్ ఇండెక్స్. ఆ గడులు నిండకుండా సరుకు బండ్లకి టైరు బయటికి పోదు. స్టాకు లేకపోతే లేదని చెబుతాం, పక్క షాపు చూపిస్తాం. సీజనులో దీనివల్ల కొన్ని బేరాలు పోయాయి. కాటా చిట్టీ తెమ్మంటే విసుక్కుని వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు.

ఒక్కటి మిగిలిపోయింది. పికప్ కింద వేలాడే స్టెప్నీ ఇంకా పాత 100 ఎస్ టైరే. దారిలో ఏదైనా టైరు పోతే, నిండు లోడు మీద మళ్లీ అదే వెనక చక్రానికి ఎక్కుతుంది. నాలుగు మార్చిన రోజున అయిదోది కూడా మార్చమన్నాను, ఖర్చు ఎక్కువైందని ఆపారు. ఈసారి కాపు దిగేలోపు వేయిస్తానన్నారు. ఎల్‌టి టైరు ఒకటి పక్కకి తీసి, దాని మీద బండి నంబరు చాక్‌పీసుతో రాసి, కౌంటరు వెనక నిలబెట్టి ఉంచాను.